రాత్రి ఎనిమిది గంటల కాపడం: ఒక నడుం నొప్పి కేసు

వాళ్ళిద్దరినీ మొదటిసారి చూసింది పరీక్ష గది గుమ్మం దగ్గర. ఆయన స్టూలు మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులూ తొడల మీద ఆనించుకుని ఉన్నారు. ఆవిడ నేల మీద ఒక మోకాలు మోపి ఆయన బూటు లేసులు విప్పుతున్నారు. ఆ విప్పడంలో తడబాటు లేదు, రోజూ చేసే పని అని చూస్తేనే తెలుస్తోంది. మొదటి ముడి వీడేలోపే ఆయన రెండో కాలు కొంచెం ముందుకు జరిపారు. ఆవిడ తల ఎత్తకుండానే దాన్ని అందుకున్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా నడుం నొప్పివాళ్ళే. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నేను చేసిన ఒక పొరపాటు. అది జరగకపోయి ఉంటే ఆ ఇంట్లో నొప్పి చేస్తున్న పని ఏమిటో నాకు తెలిసేది కాదు. వాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఆయనకి 46 ఏళ్ళు. అకౌంట్స్‌లో ఉద్యోగం, రోజంతా కంప్యూటర్ ముందే. ఆవిడకి 43, ఆవిడా ఉద్యోగం చేస్తారు. పదిహేడేళ్ళ కూతురు ఉంది. నాలుగేళ్ళ కిందట ఇల్లు మారుతున్నప్పుడు బీరువా ఒక కొస ఎత్తబోయి నడుం పట్టేసింది. మూడు వారాలు మంచం దిగలేదు, దిగనివ్వలేదు కూడా. అన్ని రోజులు పడుకోబెట్టడం వల్ల లాభం లేదని 1986లోనే ఒక అధ్యయనంలో తేలింది. రెండు రోజులు పడుకోమన్నవాళ్ళూ, ఏడు రోజులు పడుకోమన్నవాళ్ళూ ఒకేలా కోలుకున్నారు. తేడా అల్లా, రెండు రోజులవాళ్ళు పనికి పోగొట్టుకున్న రోజులు తక్కువ. అయినా మన ఇళ్ళలో నడుం పట్టేసింది అనగానే వచ్చే మొదటి మాట "పడుకోండి, కదలకండి" అనే.

ఆ తర్వాత నొప్పి తగ్గుతూ పెరుగుతూ నాలుగేళ్ళు గడిచాయి. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తాం. ఈయనది ఆ గీత ఎప్పుడో దాటింది.

ముందు చూడాల్సినవి చూశాను. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, కాళ్ళలో పట్టు పోవడం... ఏదీ లేదు. నొప్పి నడుం దగ్గర మొదలై అప్పుడప్పుడూ కుడి పిర్ర దాకా వస్తుంది, మోకాలు దాటదు. రిఫ్లెక్సులు బాగున్నాయి.

ఎమ్మారై రిపోర్టు ఆవిడ చేతిలో ఉంది, ప్లాస్టిక్ కవరులో భద్రంగా. మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది. "ఎల్4, ఎల్5 మధ్య డిస్క్ ఉబ్బిందండీ. అరుగుదల కూడా ఉంది" అని చూడకుండానే చెప్పారు. ఎల్4, ఎల్5 అంటే నడుం దగ్గరి చివరి రెండు వెన్నుపూసలు, డిస్క్ అంటే వాటి మధ్య ఉండే మెత్త లాంటిది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, నడుం నొప్పి అసలే లేని నలభై ఏళ్ళవాళ్ళ స్కాన్లు చూస్తే 68 శాతం మందిలో డిస్క్ అరుగుదల, 50 శాతం మందిలో ఉబ్బు కనిపించాయి. వయసుతో పాటు జుట్టు నెరిసినట్టే ఇదీ. ఆ మాటే చెప్పాను. ఆయన తలూపారు. ఆవిడ రిపోర్టుని మళ్ళీ జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. నా మాట ఆయనకి కొంత చేరిందేమో గానీ ఆవిడకి చేరలేదని ఆ మడవడంలోనే తెలిసింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి రోజు కొలతలు: సగటు నొప్పి పదికి 7. రోజువారీ పనులకి నడుం ఎంత అడ్డం పడుతోందో కొలిచే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో నూటికి 46, అంటే తీవ్రమైన ఇబ్బంది. నొప్పి గురించి మనసులో తిరిగే భయాల్ని కొలిచే ప్రశ్నావళిలో 52కి 34. ఆగకుండా నడవగలిగేది పది నిమిషాలు.

ఫోన్ వచ్చిన రెండు నిమిషాలు

ప్రశ్నలు ఆయన్ని అడిగితే జవాబులు ఆవిడ చెప్తున్నారు. "రాత్రి నిద్ర ఎలా ఉంటోంది సార్?" అంటే, "మూడింటికి లేస్తారండీ, ఇటు తిరగాలంటే ముందు ఏదో ఒకటి పట్టుకోవాలి" అని ఆవిడ. అందులో ఒక్క ముక్క తప్పు లేదు, ఆయన గురించి ఆయనకంటే ఆవిడకే బాగా తెలుసు. ఇంట్లో బరువులు, బ్యాంకు పని, కరెంటు పోతే మెట్లెక్కి దిగడం, ఆఫీసు బ్యాగు మోయడం, అన్నీ ఆవిడవే అయిపోయాయి.

మధ్యలో ఆవిడకి ఫోన్ వస్తే బయటికి వెళ్ళారు. ఆయన నాతో మాట్లాడుతూనే కింద పడ్డ పెన్ను వంగి తీసుకున్నారు. పూర్తిగా వంగారు, మోకాళ్ళు కూడా పెద్దగా మడవలేదు. నేనేమీ అనలేదు. రెండు నిమిషాల తర్వాత తలుపు తీసిన చప్పుడైంది. ఆయన కుడి చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. ముఖంలో ఒక ముడత. ఆవిడ అడిగారు: "ఏంటండీ, లాగుతోందా?"

ఇది చదివి "ఓహో, నటన" అనుకునేవాళ్ళుంటారు. నటన కాదు. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళిందని ఆయనకే తెలియదు. 1980లో ఇలాంటి దీర్ఘకాలిక నొప్పివాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. అద్దం వెనక నుంచి చూస్తున్నది ఒకసారి మీ భార్య లేక భర్త అనీ, ఇంకోసారి వార్డు క్లర్కు అనీ చెప్పి, నొప్పి ఎంత ఉందో అడిగారు. ఇంట్లో బాగా కనిపెట్టుకుని చూసే భార్యాభర్తలున్నవాళ్ళు, చూస్తున్నది వాళ్ళేనని అనుకున్నప్పుడు నొప్పి ఎక్కువని చెప్పారు. పెద్దగా పట్టించుకోని భాగస్వామి ఉన్నవాళ్ళు అప్పుడు తక్కువని చెప్పారు. అంతకు ముందు 1965లోనే మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ఇచ్చారు. నొప్పి కబురు వెన్నుపాములోంచి పైకి వెళ్ళే దారిలో గేటు లాంటిది ఉంటుందనీ, దాన్ని తెరవడంలో, మూయడంలో మెదడుకీ చెయ్యి ఉంటుందనీ దాని సారం. భయం, ధ్యాస, ఎదుటి మనిషి ముఖంలో ఆదుర్దా, అన్నీ ఆ గేటు దాకా వెళ్తాయి. నడుం ఒక్కటే అయినా పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి నొప్పి మారుతుంది.

రెండు నోటు పుస్తకాలు

రెండో వారం ఇద్దరికీ చెరో చిన్న పుస్తకం ఇచ్చాను. పద్నాలుగు రోజులు ఒకరిది ఒకరు చూడకూడదు. ఆయన రోజుకి ఆరుసార్లు నొప్పి అంకె, అప్పుడు ఏం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు రాయాలి. ఆవిడ రాయాల్సింది, ఆయనకి నొప్పి వచ్చిందని తనకి ఎప్పుడు అనిపించింది, అప్పుడు తానేం చేశారు అని.

ఆయన పుస్తకంలో పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు అత్యధిక అంకె రాత్రి ఎనిమిదికి. పగలంతా కూర్చుని అలిసిపోవడం వల్ల అని సర్దుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఒక బుధవారం ఆవిడకి ఆఫీసులో ఆలస్యమై పదింటికి ఇల్లు చేరారు. ఆ రోజు ఎనిమిదికి 5 ఉంది. పదింబావుకి 7.

ఆవిడ పుస్తకంలో ఆ టైములకి ఎదురుగా ఒకటే వాక్యం, రోజూ దాదాపు అదే: "కాపడం పెట్టాను, నలభై నిమిషాలు. కబుర్లు చెప్పుకున్నాం." కబుర్లు అన్న మాట ఆ పుస్తకంలో పన్నెండుసార్లు వచ్చింది. పన్నెండుసార్లూ కాపడం పక్కనే. మిగతా రోజంతా వాళ్ళ మధ్య జరిగిన మాటలు, ఫీజు కట్టావా, తాళం ఎక్కడ, మందు వేసుకున్నారా.

ఆ పుస్తకాలు ముందు పెట్టుకుని కూడా నేను సగమే చదివాను.

నా పొరపాటు

దీర్ఘకాలిక నొప్పి చికిత్సలో విల్బర్ట్ ఫోర్డైస్ పేరు వినని వాళ్ళుండరు. సియాటిల్‌లో పనిచేసిన ఈ సైకాలజిస్టు 1970ల్లో చెప్పింది ఇది: మూలగడం, కుంటడం, పడుకోవడం లాంటి నొప్పి ప్రవర్తనలకి చుట్టూ ఉన్నవాళ్ళ నుంచి శ్రద్ధ, సుఖం దొరుకుతూ ఉంటే అవి గట్టిపడతాయి. ఎవరో కావాలని చేసే పని కాదు, ఏ అలవాటైనా కుదురుకునే తీరు అదే. కాబట్టి ఆ శ్రద్ధని నొప్పి మీంచి కదలిక మీదికి మళ్ళించాలి.

నేను ఆవిడతో అన్నాను: "అమ్మా, ఆయన నొప్పి అన్నప్పుడు మాట మార్చేయండి. కాపడం ఆయనే పెట్టుకోగలరు. లేసులు ఆయన్నే కట్టుకోనివ్వండి."

ఆవిడ ఉద్యోగంలో ఎలా ఉంటారో తెలియదు గానీ, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. చేశారు. తర్వాతి అపాయింట్‌మెంటుకి ఎవరూ రాలేదు. ఆ పై వారం ఆవిడ ఒక్కరే వచ్చారు. కూర్చోమన్నా వెంటనే కూర్చోలేదు.

"మీరు చెప్పినట్టే చేస్తున్నానండీ. ఇంట్లో ఇద్దరం లాడ్జిలో ఉన్నట్టున్నాం" అన్నారు.

ఆయన నడుం నొప్పి బెల్టు పొద్దున్న పెట్టుకుంటే రాత్రి దాకా తియ్యడం లేదట. రెండు రోజులు సెలవు పెట్టారట. మొదటి రాత్రి ఆవిడ కాపడం సంచి ఆయన చేతికిచ్చి పక్క గదిలోకి వెళ్ళిపోతే, ఆయన అడిగిన మాట: "నీకూ విసుగొచ్చిందా?" ఆవిడ జవాబు చెప్పలేదు, ఎందుకంటే మాట మార్చమని నేను చెప్పాను. ఫోన్లో ఆయన్ని అడిగితే నొప్పి 8.

ఫోర్డైస్ పద్ధతి తప్పని నేననను. నేను పట్టుకొచ్చింది అందులో సగం. ఆయన పని చేసింది ఆసుపత్రి వార్డులో, శిక్షణ ఉన్న సిబ్బందితో. నొప్పి మీద శ్రద్ధ తగ్గించిన చోటే, నడిచిన ప్రతి అడుగుకీ పలకరింపు, మెచ్చుకోలు ఎదురయ్యేవి. నేను తీసెయ్యమన్నాను గానీ దాని చోట ఏం పెట్టాలో చెప్పలేదు. పైగా నర్సు మాట మార్చితే అది చికిత్స, పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన భార్య మార్చితే అలక.

ఇంకో సంగతి కూడా అప్పుడే వెలిగింది. ఆ నలభై నిమిషాలు నొప్పికి ఇస్తున్న బహుమానం అని నేను లెక్కేశాను. వాళ్ళిద్దరికీ కలిసి కూర్చోవడానికి మిగిలిన ఏకైక సాకు అది. ఆయనకి "కాసేపు నా దగ్గర కూర్చో" అని అడగడం రాదు, "నడుం లాగేస్తోంది" అనడం వచ్చు. ఆవిడకీ ఊరికే వెళ్ళి పక్కన కూర్చోవడం రాదు, చేతిలో కాపడం సంచి ఉండాలి.

గడియారం చూసి కాపడం

ఆ తర్వాతి వారం ఇద్దర్నీ పిలిచి ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత కాపడం వెనక్కి తెచ్చాను, ఒక్క మార్పుతో. ఇక నుంచి కాపడం నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి. రాత్రి ఎనిమిదికి, నొప్పి రెండున్నా ఎనిమిదున్నా సరే, నలభై నిమిషాలు. ఆ సేపట్లో నొప్పి ఎంత ఉందని ఆవిడ అడగకూడదు, ఆయన చెప్పకూడదు. ఇదీ ఫోర్డైస్ చెప్పిందే, నొప్పి మాత్రల్ని కూడా నొప్పి వచ్చినప్పుడు కాకుండా టైము ప్రకారం ఇవ్వడం.

ఆయనకి నచ్చలేదు. "నొప్పి లేని రోజు కూడా కాపడం ఎందుకండీ, దండగ కదా?" అన్నారు నాతో.

ఆవిడ ఆయన వైపు తిరిగి, "అయితే కూర్చోవద్దా?" అన్నారు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను నా కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను. "కూర్చో" అన్నారాయన, గోడ వైపు చూస్తూ.

అప్పటిదాకా జరిగిన ఆరు వారాల చికిత్సలో అంతకన్నా ముఖ్యమైన వ్యాయామం నేను చేయించలేదు.

నడక కూడా ఇదే లెక్క. అంతకు ముందు బాగున్న రోజు అరగంట నడిచేసి, తర్వాత మూడు రోజులు పడుకునేవారు. పది నిమిషాలు నడవగల మనిషికి ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టాం. రెండు రోజులకి ఒక నిమిషం పెంపు. బాగున్నా అంతే, బాగోలేకపోయినా అంతే. ఆవిడ తోడు వెళ్ళేవారు. ఒకసారి కిటికీలోంచి వాళ్ళు రావడం చూశాను. ఆవిడ ఒకడుగు వెనకగా నడుస్తున్నారు, కళ్ళు ఆయన మడమల మీద, పడితే పట్టుకోవడానికన్నట్టు. పక్కన నడవండి అని చెప్పాను. చిన్న మాటే గానీ అలవాటు కావడానికి నెల పట్టింది.

భయం ఎవరిది

ఎమ్మారై కవరు సంగతి. నాలుగో నెలలో ఆవిడతో విడిగా మాట్లాడినప్పుడు తెలిసింది. ఆవిడకి పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారు మెట్ల మీంచి పడి వెన్నెముక విరిగింది. ఆరేళ్ళు మంచంలోనే. పక్కకి తిప్పడం, పుండ్లు కడగడం, బట్టలు మార్చడం, అన్నీ ఈవిడే. "ఈయన బీరువా దగ్గర అబ్బా అని కూలబడ్డప్పుడు, నాకు కనిపించింది ఆ మంచమండీ" అన్నారు.

అన్ని నెలలూ నేను అరుగుదల మామూలే అని శాతాలు చెప్తున్నది ఆ మంచాన్ని చూస్తున్న మనిషికి. వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2000లో విడమరిచి చెప్పిన భయం చక్రం ఒకటుంది. కదిలితే ఏదో అవుతుందన్న భయంతో కదలడం మానేస్తారు, మానేసేకొద్దీ ఒళ్ళు బిగుసుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. పుస్తకాల్లో ఆ చక్రం పేషెంటు ఒక్కడి చుట్టూ గీస్తారు. ఈ ఇంట్లో భయపడేది ఒకరు, కదలడం మానేసింది ఇంకొకరు.

అందుకని బరువులెత్తే వ్యాయామం ఆయనకి చేయిస్తూ, ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టాను. మొదట రెండు కిలోల సంచి, నేల మీంచి బల్ల మీదికి. ఆయన వంగగానే ఆవిడ రెండు చేతులూ వాటంతటవే ముందుకొచ్చాయి. "చేతులు ఒళ్ళో పెట్టుకోండమ్మా. ఏమవుతుందనిపిస్తోంది, పదికి ఎంత భయం?" తొమ్మిది అన్నారు. ఆయన అయిదుసార్లు ఎత్తారు. ఏమీ కాలేదు. ఇప్పుడు భయం ఆరు. వారం తర్వాత నాలుగు కిలోలు. నెలన్నరకి పన్నెండు కిలోలు ఎత్తుతుంటే ఆవిడ భయం మూడు. రెండు దాకా ఎప్పటికీ రాలేదు, రావాలని నేనూ పట్టుబట్టలేదు. వెన్నెముక విరగడం వేరు, ఈయనది వేరు అని నాన్నగారి పాత కథతో పోల్చి చెప్పింది కూడా ఆ రోజుల్లోనే. ఈసారి ఆవిడ ప్రశ్నలు అడిగారు.

నమ్మనివాళ్ళు

ఆయనకి అన్నయ్య ఉన్నారు. నెలకోసారి వస్తారు. "స్కాన్లో పెద్దగా ఏమీ లేదన్నారట కదరా, ఇంకా ఎన్నాళ్ళు?" అంటారట. ఆ రోజు ఆయన బెల్టు అన్నయ్య రావడానికి అరగంట ముందే నడుముకి ఎక్కుతుంది. ఈ ముక్క నాకు చెప్పింది కూతురు.

నమ్మని మనిషి ముందు నొప్పి ఉన్నవాడికి ఒక అదనపు పని పడుతుంది, నిరూపించడం. కాస్త తేలిగ్గా నడిచినా "అదుగో బాగానే ఉన్నావుగా" అంటారేమోనని తేలిగ్గా నడవలేరు. ఆవిడ అతిజాగ్రత్తా, అన్నయ్య అనుమానమూ ఎదురెదురుగా కనిపిస్తాయి గానీ, రెండూ ఆయన్ని నెట్టేది ఒక వైపుకే, కదలకుండా కూర్చోవడం వైపుకి. ప్రపంచ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకి నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటని గౌరవించాలని ప్రత్యేకంగా చేర్చింది. డాక్టర్లకి కూడా గుర్తు చెయ్యాల్సి వచ్చిందంటే అన్నయ్యగార్ని ఏమంటాం. ఆయన్ని క్లినిక్‌కి రమ్మని కబురు చేశాను, రాలేదు. ఆ ముడి అలాగే ఉండిపోయింది. మేం చేయగలిగిందల్లా ఒక వాక్యం తయారు చేసుకోవడం: "నొప్పి ఉంది అన్నయ్యా, అయినా రోజూ నడుస్తున్నాను." రెండు ముక్కలూ ఒకే మాటలో చెప్పడం ఆయనకి మొదట నోరు తిరగలేదు. నొప్పి ఉందంటే నడవకూడదు, నడిచానంటే నొప్పి లేనట్టు, అని నాలుగేళ్ళు బతికారు.

ఇదే వాక్యం ఆవిడకీ పనికొచ్చింది. "నొప్పిగా ఉందా? పడుకోండి" బదులు, "ఇవాళ బాగా ఇబ్బందిగా ఉన్నట్టుంది" అని ఊరుకోవడం. నొప్పిని నమ్మడం అక్కడితో అయిపోయింది. పని లాక్కోవడం అందులో భాగం కాదు. చదవడానికి తేలిగ్గా ఉంది కదా, "పడుకోండి" అన్న మాట మింగడానికి ఆవిడ పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

కూతురు ఒక్కసారే వచ్చింది. ఎక్కువ మాట్లాడలేదు. "నాన్న గుమ్మంలోకి రాగానే ముఖం చూస్తాను. దాన్ని బట్టి ఏదైనా అడగాలా వద్దా అని" అంది. అంతకు ముందు ఇద్దరూ ఆదివారాలు షటిల్ ఆడేవారట. ఆయన ఆ మాట విని తల దించుకున్నారు. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఏదీ అడగకపోవడాన్ని పెద్దమనిషి అయిందనుకున్నారు. షటిల్ మళ్ళీ మొదలైందని రాయాలని ఉంది గానీ, మొదలవలేదు. రాత్రి నడకలో వారానికి రెండు రోజులు తల్లి బదులు ఆ అమ్మాయి వెళ్తుంది.

మంచం

ఇది అడగడానికి నాకే మూడో నెల దాకా నోరు రాలేదు. నడుం నొప్పివాళ్ళని దాంపత్యం గురించి అడగని వైద్యం చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అడిగితే ఆయన నేల చూపు, ఆవిడ కిటికీ చూపు. మూడేళ్ళుగా వేరే గదులు. కారణం చెక్క బల్ల. నడుం నొప్పికి గట్టి చెక్క మీద పడుకోవాలని ఎవరో చెప్పారు, ఆయన బల్ల మీద, ఆవిడ మంచం మీద. 2003లో స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరీక్షలో బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ఇది చెప్పగానే "ఛ, మూడేళ్ళు!" అని ఆయన గట్టిగా నవ్వారు. నా గదిలో ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

బల్ల వెళ్ళిపోయింది. మిగతాది వాళ్ళ సొంత విషయం. పక్కకి తిరిగి పడుకునే భంగిమలు ప్రయత్నించి చూడమన్న సలహా, మోకాళ్ళ మధ్య దిండు, తొందర లేదన్న మాట, అంతవరకే నా పాత్ర. చాలామందికి ఆ మూడు మాటలు కూడా ఎవరూ చెప్పరు.

ఏడో నెల

కూతురు కాలేజీ హాస్టల్‌కి వెళ్ళే రోజు పెట్టె ఎత్తబోయి మళ్ళీ పట్టేసింది. ఆవిడ ఫోన్లో గొంతు నాలుగేళ్ళ కిందటి గొంతే. "మంచం ఎక్కించానండీ." ఇలాంటి రోజు వస్తుందని ముందే రాసిపెట్టుకున్న కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంది. దాన్ని చదవమన్నాను. మొదటి రోజు గంటకోసారి లేచి గదిలో అయిదు నిమిషాలు నడక. రెండో రోజు స్నానం, బట్టలు తన పని తానే. మూడో రోజు సగం దూరం నడక. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రి. ఎనిమిదికి కాపడం, అంకె అడగకుండా. నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళారు. ఆ నాలుగు రోజుల్లో రెండో రోజు లేసులు మళ్ళీ ఆవిడే కట్టారు. "ఒక్కసారేనండీ" అని నాతో ఒప్పుకున్నారు.

ఏడాది తర్వాత కొలతలు: సగటు నొప్పి 5, కొన్ని వారాలు 4. ఆస్వెస్ట్రీ 46 నుంచి 26కి వచ్చింది. భయాల ప్రశ్నావళి 34 నుంచి 17. నడక నలభై నిమిషాలు. నొప్పి అంకెలో వచ్చిన తేడా చూసి ఇంతేనా అనిపించవచ్చు, ఆయనకీ అనిపించింది. వ్యాయామం వల్ల ఎంత, నడక వల్ల ఎంత, ఇంట్లో మాటలు మారడం వల్ల ఎంత అని ఒక్క కేసులో విడదీయడం కుదరదు. అన్నీ ఒకేసారి నడిచాయి. నా వరకు నేను మార్చుకున్నది ఒకటి. ఇంట్లోవాళ్ళు చేస్తున్న ఏ సేవనైనా మాన్పించే ముందు, ఆ సేవ జరిగే సమయంలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో అడుగుతున్నాను.

చివరిసారి వచ్చినప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని లేసులు తానే కట్టుకున్నారు. నెమ్మదిగా, ఎడమది రెండుసార్లు జారి. ఆవిడ పక్కనే నిలబడి బ్యాగు పట్టీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు. ఆయన గుమ్మం దాటాక ఆవిడ వెనక్కొచ్చి, తన కుడి భుజం పైకెత్తితే పట్టేస్తోందని, రెండేళ్ళుగా ఉందని, తన పేరు మీద ఒక అపాయింట్‌మెంటు కావాలని అడిగారు.

"ఆయనకి చెప్పారా?" అన్నాను.

"ఇంకా లేదండీ."

గురువారం సాయంత్రం రాశాను, ఇద్దరి పేర్లూ.